ఒక చేతిపని వెంట ఊరంతా

యూరప్ వెళ్లొచ్చినవాళ్లను "ఏం చూశారు?" అని అడగండి, ఊళ్ల పేర్లు గడగడా చెబుతారు. "అక్కడ కొత్తగా ఏం తెలిసింది?" అని అడగండి, ఫోన్ తీసి ఫొటోలు వెతుకుతారు. పొద్దున్న ఒక దేశం, సాయంత్రం ఇంకో దేశం అన్నట్టు తిప్పే ప్యాకేజీ టూర్లలో బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, బస్సెక్కడంతోనే పొద్దు గడిచిపోతుంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనకు తెలుసు. లక్షలు పోసి టికెట్టు కొన్నాక మాత్రం ఆ మాట గుర్తుకు రాదు.

ఈ అధ్యాయంలో ఇంకో రకం ప్రయాణం నేర్చుకుందాం. ఒక చిన్న ఊరు ఎంచుకుని, ఆ ఊరికి పేరు తెచ్చిన ఒక్క చేతిపనిని పట్టుకుని, దాని వెంట ఊరంతా తిరగాలి. సాధన చేయడానికి ఇటలీ దక్షిణాన ఉన్న వియెత్రి సుల్ మారె బాగా పనికొస్తుంది. సలెర్నో నగరానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. జనాభా ఏడెనిమిది వేలు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన అమాల్ఫి తీరం తూర్పున ఇక్కడే మొదలవుతుంది. పర్యాటకులు చాలామంది ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూస్తూనే అమాల్ఫికీ పొసితానోకూ వెళ్లిపోతారు. అందుకే ఇక్కడ తీరిగ్గా నిలబడటానికి చోటు దొరుకుతుంది.

వియెత్రిని బతికించింది రంగుల సిరామిక్ పని. గుడి గోపురం, దుకాణాల బోర్డులు, వీధుల పేర్లు, పార్కు బెంచీలు, ఎటు చూసినా టైల్సే. ఒక పనిని వెంబడించడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే తేలికైన బడి దొరకదు.

మూడు ప్రశ్నలు వెంట తీసుకెళ్లండి

ఏ వస్తువు ముందు నిలబడినా ఈ మూడూ అడగండి. ఇది దేంతో చేశారు? ఎవరి చేయి పడింది? ఏ అవసరానికి చేశారు? జవాబు ప్రతిసారీ దొరకదు. అయినా, అడిగే అలవాటున్నవాడి కన్ను వస్తువు మీద కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. బాగుందనో బాగాలేదనో తేల్చేసి ముందుకు నడవడం మనందరికీ అలవాటు. ఈ ప్రశ్నలు ఆ తొందరకు కళ్లెం వేస్తాయి.

బయల్దేరేముందు: పళ్లెం ఎలా తయారవుతుందో తెలుసుకోండి

ముందుగా అరగంట చదివి వెళ్తే అక్కడ చూసేది రెట్టింపవుతుంది. వియెత్రిలో చేసేది మయోలికా పద్ధతి. బంకమట్టిని సారె మీద తిప్పిగానీ, అచ్చులో పోసిగానీ ఆకారం తెస్తారు. నీడన ఆరబెట్టి బట్టీలో దాదాపు వెయ్యి డిగ్రీల వేడికి కాలుస్తారు. ఇలా కాలిన ముక్క ఎర్రగానో గోధుమ రంగులోనో గరుకుగా ఉంటుంది. దాన్ని తగరపు ఆక్సైడ్ కలిపిన తెల్లటి గ్లేజు నీళ్లలో ముంచి తీస్తారు. ఆరాక పైన తెల్లటి పొడి పొరలా మిగులుతుంది. బొమ్మ వేసేది ఆ పొర మీదే. తర్వాత రెండోసారి కాలిస్తే గ్లేజు కరిగి గాజులా బిగుస్తుంది, రంగులు అందులో ఇమిడిపోతాయి.

రంగులన్నీ లోహాల నుంచి వస్తాయి. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు రాగి, ఊదా గోధుమ రంగులకు మాంగనీసు, పసుపుకు ఆంటిమొనీ. కుంచెతో వేసేటప్పుడు కనబడే రంగు వేరు, బట్టీలోంచి బయటికొచ్చే రంగు వేరు. పనివాడు చివరి రంగును మనసులో చూసుకుంటూ గీస్తాడు. ఈ సంగతి తెలిసి వర్క్‌షాపు గుమ్మంలో నిలబడితే, పెద్దావిడ ఒకరు పళ్లెం అంచున వెలిసిపోయినట్టున్న గీత గీస్తుంటే ఆ గీత విలువ మీకు తెలుస్తుంది.

మొదటి రెండు గంటలు పర్సు తీయకండి

ఊళ్లో అడుగుపెట్టగానే కోర్సో ఉంబెర్తో వీధి ఎదురవుతుంది. రెండువైపులా సిరామిక్ దుకాణాలే. నిమ్మకాయల పళ్లేలు, చేపల జగ్గులు, గాడిద బొమ్మలు గోడల నిండా వేలాడుతుంటాయి. మొదటి దుకాణంలోనే కొనేయాలనిపిస్తుంది. ఆగండి. మొదటి రెండు గంటలు చూడటానికే.

వీధుల్లోంచి పైకి నడిచి సాన్ జొవాన్ని బత్తీస్తా చర్చి దాకా వెళ్లండి. పచ్చ, నీలం, పసుపు టైల్స్ పొదిగిన దాని గోపురం ఊరికి గుర్తు. దగ్గరకు వెళ్తే గోపురం కనబడదు. దూరం నుంచి, కిందనుంచి, సముద్రం వైపు నుంచి చూడాలి. ఇక్కడ మూడో ప్రశ్న అడగండి: గోపురానికి టైల్స్ ఎందుకు? అందం సరే. గ్లేజు వేసిన పలక వాన నీటిని లోపలికి పోనివ్వదు. ఎండకు రంగు వెలవదు. ఉప్పుగాలి వీచే తీరంలో అది కప్పు పని కూడా చేస్తుంది. చర్చి పక్కనే ఉన్న భక్త సమాజం భవనం ముఖభాగం మీద సిరామిక్ చిత్రాలున్నాయి. వాటి ముందు పది నిమిషాలు నిలబడండి. ఈ చర్చి స్నాపకుడైన యోహానుది. ఊరి ఉత్సవం జూన్ 24న. ఆ రోజుల్లో వెళ్తే సందడి చూడొచ్చు, గది మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

అక్కడి నుంచి ఊరి పార్కుకు వెళ్లండి. మెట్లు, పిట్టగోడలు, వంకలు తిరిగిన బెంచీలు అన్నీ రంగు టైల్స్‌తో కప్పినవే. ఎదురుగా సలెర్నో అఖాతం. అక్కడ కూర్చుని ఒకే డిజైను ఉన్న రెండు టైల్స్ ఎంచుకోండి. రెంటికీ తేడాలు వెతకండి. ఒక ఆకు కాస్త లావుగా ఉంటుంది, ఒక గీత చివర కుంచె పైకి లేచిన జాడ ఉంటుంది. చేతిపనిని గుర్తుపట్టడంలో ఇదే మొదటి పాఠం. సాయంత్రం కొనేటప్పుడు అక్కరకొస్తుంది.

సోలిమెనె ఫ్యాక్టరీ: నేర్చుకోవడానికి వచ్చినవాడు కట్టిన భవనం

వీధి చివర ఒక వింత భవనం కనిపిస్తుంది. ముందు గోడ పొడవునా గుండ్రటి కుండల అడుగులు వేలకొద్దీ పొదిగి ఉంటాయి, కాల్చిన మట్టి రంగులో, ఆకుపచ్చ రంగులో. మధ్యమధ్య కోణాలుగా ముందుకొచ్చిన గాజు కిటికీలు. ఇదే సోలిమెనె సిరామిక్ ఫ్యాక్టరీ. 1950ల మొదట్లో దీన్ని రూపొందించినవాడు పావొలో సొలేరి.

సొలేరి 1919లో తూరిన్‌లో పుట్టాడు. ఆర్కిటెక్చర్ చదివి, అమెరికా వెళ్లి ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర కొంతకాలం శిష్యరికం చేశాడు. ఇటలీకి తిరిగొచ్చాక సిరామిక్ పని మీద ఆసక్తితో వియెత్రి చేరాడు. విన్చెంత్సో సోలిమెనె తన ఫ్యాక్టరీ కట్టే పని ఆయన చేతిలో పెట్టాడు. లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. పైకప్పు నుంచి వెలుతురు పడుతుంది, చెట్ల కొమ్మల్లా విప్పారిన స్తంభాలు కనబడతాయి, అంతస్తుల మధ్య వాలుదారి చుట్టూ తిరుగుతూ పైకి సాగుతుంది. ఇందులో నేటికీ పాత్రలు తయారవుతున్నాయి, అమ్ముడవుతున్నాయి.

తర్వాత సొలేరి అమెరికా వెళ్లి అరిజోనాలో స్థిరపడ్డాడు. అక్కడ మట్టితోనూ కంచుతోనూ చేసిన గాలిగంటలు అమ్మి, ఆ డబ్బుతో ఆర్కోసాంతి అనే ప్రయోగ నగరం కట్టడం మొదలుపెట్టాడు. డిగ్రీ చేతికొచ్చాక కూడా మట్టిపని నేర్చుకోవడానికి ఆయన నామోషీ పడలేదు. ఆ పనే జీవితాంతం ఆయనకు ఆసరా అయింది. మీ వృత్తికి నేరుగా సంబంధం లేని విద్య ఒకటి నేర్చుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఈ భవనం ముందు కాసేపు నిలబడండి.

రాయ్తో కొండ: సంప్రదాయం వయసెంత?

దుకాణాలన్నిటిలో కనబడే చిన్న గాడిద బొమ్మను చూసి, ఇది వందల ఏళ్లనాటిదని అనుకుంటాం. దాని కథ తెలియాలంటే పైనున్న రాయ్తో గ్రామానికి వెళ్లాలి. అక్కడి విల్లా గువారిల్యా ఆవరణలో 1981లో ఏర్పాటైన సిరామిక్ మ్యూజియం ఉంది. ఈ విల్లా దౌత్యవేత్త రఫ్ఫయేలె గువారిల్యాది. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, ఇటలీ రాజు మూడో విత్తోరియో ఇమాన్యువేలె ఇక్కడ బస చేశాడు.

మ్యూజియంలో దేవుడి బొమ్మల పలకలు, ఇంటి వాడకపు పాత్రలు ఉంటాయి. వాటి తర్వాత 'జర్మన్ కాలం' అని పిలిచే భాగం వస్తుంది. 1920లలో జర్మనీ నుంచి, ఇతర దేశాల నుంచి కొందరు కళాకారులు వియెత్రి చేరారు. వాళ్లలో రిషార్ట్ డోల్కర్ అనే జర్మన్ కళాకారుడి చేతిలో పుట్టింది ఆ గాడిద. మాక్స్ మెలమెర్సన్ అనే జర్మన్ వ్యాపారి ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు. పోలండ్‌లో పుట్టిన ఇరేనె కొవాలిస్కా 1931లో వచ్చి మత్స్యకారులను, తల్లీబిడ్డలను, పల్లె బతుకును నాలుగు గీతల్లో బొమ్మలు కట్టింది. వాళ్ల పక్కన పనిచేసిన స్థానికులు జొవాన్నీనో కర్రానో, గ్విదో గంబోనె వంటివాళ్లు ఆ చూపును తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు. గంబోనె తర్వాత ఫ్లోరెన్స్ వెళ్లి పేరు తెచ్చుకున్నాడు.

మట్టి ఊరిది, బట్టీ ఊరిది, పాత నైపుణ్యం ఊరిది. బయటివాళ్లు రోజూ చూసే గాడిదనే కొత్తగా చూశారు. ఊరివాళ్లు దాన్ని పరాయిదని తోసెయ్యలేదు. "మా పద్ధతి ఇంతే, మారదు" అని పట్టుబట్టే ఉద్యోగులూ వ్యాపారులూ ఈ కథ మీద ఆలోచించాలి. సంప్రదాయమని మనం అనుకునేవాటిలో కొన్ని మన తాతలు కొత్తగా నేర్చుకున్నవే. అందుకే రెండో ప్రశ్న, ఎవరి చేయి పడిందన్నది, తప్పకుండా అడగాలి.

మ్యూజియం తెరిచి ఉండే వేళలు బయల్దేరేముందే కనుక్కోండి. ఎండాకాలం కొండెక్కడం కష్టం, లోకల్ బస్సు ఎక్కడం మంచిది.

ఒక పూట కుంచె పట్టండి

ఊళ్లో కొన్ని వర్క్‌షాపుల్లో ఒక పలకో పళ్లెమో మీచేత రంగులు వేయిస్తారు. తప్పక కూర్చోండి. పొడిగా ఉన్న తెల్లటి గ్లేజు కుంచెలోని నీటిని ఇలా తాకగానే అలా పీల్చేస్తుంది. గీత ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. వేసినదాన్ని తుడవడం కుదరదు. అందుకే అనుభవమున్నవాళ్లు గీయబోయే గీతను చేతిని గాలిలో ఆడించి చూసుకుని, తర్వాత ఒకే ఊపులో లాగుతారు. మీరూ ముందు కాగితం మీద సాధన చేయండి. తేలికైన బొమ్మ ఎంచుకోండి, ఒక చేప చాలు.

మీరు రంగు వేసిన పలకను మళ్లీ కాల్చాలి, చల్లారనివ్వాలి. కాబట్టి అదే రోజు చేతికి రాదు. రెండు మూడు రోజులు ఆ తీరంలో ఉంటారనుకుంటే మొదటి రోజే ఈ పని పెట్టుకోండి. లేదా కొరియర్ ఖర్చు ముందే అడగండి. మీ గీత వంకరపోతుంది, పోనివ్వండి. ఆ పూట తర్వాత దుకాణంలో పళ్లెం ధర ఎక్కువని బేరమాడటానికి మనసొప్పదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదట, దుకాణంలోకి అడుగుపెట్టగానే "బువోన్‌జోర్నో" అనండి. పలకరించకుండా వస్తువు పట్టుకోవడం అక్కడ మర్యాద కాదు. చేత్తో తీసి చూడాలంటే "పోస్సో?" అని అడగండి, ఆ ఒక్క మాట చాలు.

రెండోది, 'ఫత్తో అ మానో' అంటే చేత్తో చేసినది, 'దిపింతో అ మానో' అంటే చేత్తో రంగులు వేసినది. రెండూ ఒకటి కావు. అచ్చులో పోసిన పళ్లెం మీద చేత్తో రంగులు వేసి ఉండొచ్చు. అందులో మోసమేమీ లేదు, ధర మాత్రం వేరుగా ఉండాలి. అడిగి తెలుసుకోండి.

మూడోది, తిరగేసి చూడండి. అడుగున చేసినవాళ్ల పేరో, ఊరి పేరో ఉంటుంది. ఆరు పళ్లేల సెట్టులో ఆరు నిమ్మకాయలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అవి స్టిక్కరు అద్దినవి కావచ్చు. పార్కులో నేర్చిన పాఠం ఇక్కడ వాడండి. వేలితో మెల్లగా మీటితే గట్టి పళ్లెం ఖంగుమంటుంది, పగులు ఉన్నది బొంగురుగా పలుకుతుంది.

నాలుగోది, అన్నం తినే పళ్లెమో గోడకు తగిలించేదో ముందే తేల్చుకోండి. తినడానికైతే 'పెర్ అలిమెంతి' అవునా అని అడగండి, ఆహారానికి పనికొస్తుందా అని అర్థం. అలంకారానికి చేసిన వాటిలో పులుపు పదార్థాలు పెట్టకూడదు.

ఐదోది, యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లు ఒకే దుకాణంలో ఒకే రోజు 70 యూరోలకు పైగా కొంటే పన్ను కొంత వెనక్కి పొందవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి ఇటలీలో ఈ పరిమితి అమల్లో ఉంది. పాస్‌పోర్టు చూపించి కాగితం తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ ధ్రువీకరణ చేయించండి. వస్తువు చూపించమంటారు కాబట్టి చెక్-ఇన్‌కు ముందే ఆ పని చూసుకోవాలి.

చిన్నవి పది కొనేకంటే, చేసినవాళ్లతో మాట్లాడి మంచిది ఒకటి కొనండి. బట్టల మధ్య చుట్టి చేతి సంచిలో తెచ్చుకోవచ్చు.

సముద్రం, భోజనం

మధ్యాహ్నం చాలా దుకాణాలు కొన్ని గంటలు మూసేస్తారు. ఆ వేళ కిందకు, మరీనా దీ వియెత్రి బీచ్‌కు దిగండి. బూడిద రంగు ఇసుక, ఎదురుగా నీళ్లలో జంటగా నిలిచిన రాళ్లు. వాటిని 'ఇద్దరు అన్నదమ్ములు' అంటారు. ఈ ఇసుక తీరం వెనుక ఒక విషాదం ఉంది. 1954 అక్టోబరు 25 రాత్రి కుండపోత వానకు కొండలు విరిగిపడి, సలెర్నో చుట్టుపక్కల మూడు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వరద తెచ్చి పోసిన మట్టీ రాళ్లతోనే బీచ్ ఇంత వెడల్పయింది. స్నానానికి దిగేముందు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

నడకంటే ఇష్టమున్నవాళ్లు సాయంత్రం అల్బోరి గ్రామానికి వెళ్లొచ్చు. ఇటలీ అందమైన పల్లెల సంఘం జాబితాలో ఉన్న ఊరు, కొండవాలుకు అతుక్కున్న ఇళ్లు. ఇంకాస్త ముందుకు వెళ్తే చెతారా. చిన్న చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే కొలాతూరా అనే రసానికి పేరున్న మత్స్యకారుల ఊరు. 2020లో దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

శాకాహారులు ఒక జాగ్రత్త పాటించాలి. ఈ తీరంలో మామూలుగా కనబడే పాస్తాలో కూడా ఆ చేపల రసం చుక్కలు పడి ఉండొచ్చు. "సెంట్సా కార్నె, సెంట్సా పేషె", అంటే మాంసం లేకుండా, చేప లేకుండా, అని చెప్పండి. టమాటా సాస్ పాస్తా, వంకాయ పొరల పార్మిజానా, మార్గరీతా పిజ్జా నిశ్చింతగా దొరుకుతాయి. బిల్లులో 'కొపెర్తో' అని కనిపిస్తే కంగారు పడకండి, అది మనిషికింత అని వేసే టేబుల్ చార్జీ.

రాకపోకలు

రోమ్, నేపుల్స్ నుంచి సలెర్నోకు వేగంగా వెళ్లే రైళ్లున్నాయి. అక్కడి నుంచి వియెత్రికి లోకల్ రైలులో పది నిమిషాల లోపే. స్టేషను పేరు వియెత్రి సుల్ మారె-అమాల్ఫి. అమాల్ఫికి రైలు లేదు కాబట్టి దాని పేరు కూడా ఇక్కడే తగిలించారు. కాగితం టికెట్టు కొంటే రైలెక్కేముందు ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో ముద్ర వేయించాలి. బస్సు టికెట్టు పొగాకు దుకాణాల్లో ముందే కొనుక్కోవాలి. వియెత్రి నుంచి అమాల్ఫి వైపు వెళ్లే బస్సులో ఎడమ పక్క కూర్చోండి, సముద్రం అటే.

ఆగస్టులో ఇటలీ అంతా సెలవుల్లో ఉంటుంది, రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరులో వెళ్లడం మేలు. కారు అద్దెకు తీసుకోవద్దు. రోడ్డు ఇరుకు, పార్కింగ్ కష్టం.

అభ్యాసం

ఇటలీ వెళ్లే అవకాశం ఇప్పట్లో లేకపోయినా ఈ పద్ధతి మీకు పనికొస్తుంది. ఈ నెలలో ఇవి చేయండి.

1. మీరు వెళ్లబోయే ఏదో ఒక ఊరి పేరు రాసుకోండి. ఆ ఊరిని బతికిస్తున్న పని ఏదో కనుక్కోండి.

2. ఆ వస్తువు ఎన్ని దశల్లో తయారవుతుందో వెళ్లేముందు అరగంట చదవండి.

3. అక్కడికి వెళ్లాక మొదటి రెండు గంటలు ఏమీ కొనకండి. మూడు ప్రశ్నలూ అడుగుతూ తిరగండి.

4. పనిచేసేవాళ్ల దగ్గర ఒక్క చిన్న పనైనా మీ చేత్తో చేసి చూడండి.

5. తిరిగొచ్చాక ఫొటోలు ఎవరికీ చూపించకుండా, ఆ వస్తువు ఎలా తయారవుతుందో ఇంట్లో ఒకరికి వివరించండి. వాళ్లు మళ్లీ ప్రశ్నలు వేస్తే మీరు ఊరిని బాగా చూసినట్టు. తడబడితే, తర్వాతి ప్రయాణంలో చూడాల్సిన ఊళ్ల సంఖ్య సగానికి తగ్గించండి.